మూడు నిమిషాల్లో ఫ్లోరైడ్ కథ: పోటీకి తయారవుతూ రాసుకున్న డైరీ

రోజు 1

ఇవాళ పేరు ఇచ్చాను. చెన్నైలోని మా యూనివర్సిటీలో పీహెచ్‌డీ స్కాలర్లకు, తమ పరిశోధన ఏమిటో మూడు నిమిషాల్లో చెప్పే 'త్రీ మినిట్ థీసిస్' పోటీ పెడుతున్నారు. ఇంకా మూడు వారాల టైముంది.

రూల్స్ కొన్నే, కానీ గట్టివి. మూడు నిమిషాలు దాటితే పోటీలోంచి తీసేస్తారు. స్లైడ్ ఒక్కటే, అందులో ఏదీ కదలకూడదు. ఆడియో, వీడియో ఉండకూడదు. చేతిలో ఏ వస్తువూ పట్టుకోకూడదు. పాటలు, పద్యాలు కుదరవు, మామూలుగా మాట్లాడాలి. వినేవాళ్ళలో మన సబ్జెక్టు తెలిసినవాళ్ళు ఉంటారని అనుకోకూడదు.

ఇది 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో మొదలైంది. అప్పుడక్కడ పెద్ద కరువు. స్నానానికి నీళ్ళు ఎక్కువ పోకుండా చాలామంది బాత్రూమ్ గోడకు మూడు నిమిషాల టైమర్ పెట్టుకునేవాళ్ళట. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్ అలన్ లాసన్‌కు ఈ పోటీ ఆలోచన అలా వచ్చింది. నీళ్ళ కరువులో పుట్టిన పోటీ అని తెలిశాక, నీళ్ళ మీద నాలుగేళ్ళుగా పనిచేస్తున్న నాకు వెనక్కి తగ్గబుద్ధి కాలేదు.

80,000 పదాల థీసిస్‌ని పైకి చదివితే 9 గంటలు పడుతుందని ఆ పోటీవాళ్ళు చెప్తారు. నాది ఇంకా అంత లేదు. అయినా రాత్రి ఫోన్లో టైమర్ పెట్టుకుని, నా పని ఏమిటో ఆగకుండా చెప్పి చూశాను. 7 నిమిషాల 40 సెకన్లు పట్టింది, అప్పటికి ఫలితాల దగ్గరికే రాలేదు.

రోజు 3

నా పని ఏమిటో ఇక్కడ ఒకసారి రాసుకుంటాను, మళ్ళీ మళ్ళీ చూసుకోవడానికి.

మాది కనిగిరి వైపు పల్లె. మా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. భూమి లోపలి గ్రానైట్ రాయిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి, నీళ్ళు ఏళ్ళ తరబడి వాటిని ఒరుసుకుంటూ ఉంటే అది కరిగి నీళ్ళలోకి వస్తుంది. నీళ్ళలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ని కట్టిపడేస్తుంది. మా వైపు నీళ్ళలో కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ. అందుకని అది అలాగే కరిగి ఉండిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన దేశపు తాగునీటి ప్రమాణం 1 దగ్గర ఆగమంటుంది, వేరే నీళ్ళు దొరకనిచోట మాత్రం 1.5 దాకా ఒప్పుకుంటుంది. హద్దు దాటిన నీళ్ళు తాగుతూ పెరిగిన పిల్లలకు పళ్ళు గార పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి.

ఇది కొత్త సంగతి కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బుని గుర్తించి వైద్య పత్రికలో రాశారు. కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది.

ఫ్లోరైడ్‌ని పట్టుకునే పదార్థాల్లో యాక్టివేటెడ్ అల్యూమినా ఒకటి. తెల్లటి చిన్న గుళికలు. కాలమ్‌లో, అంటే నిలువు గొట్టంలో, నింపి నీళ్ళు పంపిస్తే, ఫ్లోరైడ్ గుళికల మీద అంటుకుని మంచినీళ్ళు కిందకు వస్తాయి. కొన్నాళ్ళకు గుళికలు నిండిపోతాయి, అప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్ళతోపాటు దిగిపోతుంది. నిజమైన బోరు నీళ్ళతో అది ఎప్పుడు నిండుతుందో ముందే లెక్కగట్టి చెప్పడమే నా థీసిస్.

ఇప్పుడు చదువుకుంటే ఇది తేలిగ్గానే ఉంది. కానీ పోటీకి ఇంగ్లీషులో రాసిన మొదటి డ్రాఫ్ట్‌లో మా సబ్జెక్టువాళ్ళకే అర్థమయ్యే 'అడ్సార్ప్షన్ ఐసోథర్మ్' మూడుసార్లు, 'బ్రేక్‌త్రూ కర్వ్' నాలుగుసార్లు వచ్చాయి. మొత్తం 612 పదాలు. నేను ఆయాసపడకుండా మాట్లాడితే నిమిషానికి 130 పదాలు వస్తున్నాయని కొలుచుకున్నాను. అంటే 390 దాటకూడదు. మధ్యలో ఆగడానికి చోటు కావాలి కాబట్టి 360 పెట్టుకున్నాను.

రోజు 5

380 పదాలకు తగ్గింది, 2 నిమిషాల 58 సెకన్లు. హాస్టల్‌లో ఎంబీఏ అమ్మాయిలు ముగ్గురిని కూర్చోబెట్టి చెప్పాను. అయ్యాక ఒక్కటే అడిగాను: "నేనేం చెప్పానో మీ మాటల్లో చెప్పండి."

ముగ్గురూ నీళ్ళ కొరత అన్నారు.

రూముకొచ్చి చాలాసేపు ఆలోచించాను. 'నీటి సమస్య' అని మొదలుపెట్టాను, అక్కడే తప్పు జరిగింది. చెన్నైలో ఆ మాట వింటే ఎవరికైనా 2019 వేసవే గుర్తొస్తుంది. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెప్పించుకున్న ఊరు ఇది. కుళాయి ఎండిపోవడం, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టడం, ఇక్కడివాళ్ళు అనుభవించిన సమస్య అది. మా ఊళ్ళో సమస్య అది కాదు. బోరు కొడితే నీళ్ళు వస్తాయి, తేటగా ఉంటాయి, రుచిగానూ ఉంటాయి. నీళ్ళు ఉండీ అవి తాగకూడనివి కావడం ఇక్కడివాళ్ళకు ఊహకు రాదు. మొదటి పదిహేను సెకన్లలో అది చెప్పకపోతే మిగతా టైమంతా వృథా.

ఇంకో అమ్మాయి "కాచి తాగొచ్చు కదా" అంది. ఇది చాలామందికి వచ్చే సందేహమే. కాస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గుతాయి కాబట్టి మిగిలిన నీళ్ళలో అది ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. మా అమ్మమ్మ జ్వరం వచ్చినప్పుడల్లా కాచిన నీళ్ళే ఇచ్చేది. ఈ ఒక్క వాక్యాన్ని స్క్రిప్టులో పెట్టాలి.

రోజు 8

ఆదివారం. వేళచ్చేరిలో మా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ ఇంటి ఓనరు ఆంటీది చెన్నైలో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మధ్యమధ్యలో తమిళం దొర్లుతుంటుంది. నేను గదిలో ఇంగ్లీషులో ప్రాక్టీస్ చేస్తుంటే తలుపు దగ్గర నిలబడి విన్నారు.

"ఏమ్మా, ఇదంతా తెలుగులో చెప్పు, వింటాను" అన్నారు.

చెప్పడం మొదలుపెట్టాను, రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. 'బెడ్ వాల్యూమ్స్' అనడానికి తెలుగులో నా దగ్గర మాటే లేదు. ఇన్నాళ్ళూ ఆ మాట నాకు అర్థమైందనే అనుకున్నాను. ఫిల్టర్‌లో గుళికలు ఎంత చోటు ఆక్రమిస్తాయో అన్ని నీళ్ళు ఒక బెడ్ వాల్యూమ్. నా థీసిస్‌లోని గ్రాఫులన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. ఆంటీకి అదే చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని అడిగారు:

"అంటే ఎన్ని బిందెలు?"

నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ళలో ఆ లెక్క ఒక్కసారి కూడా వెయ్యలేదు.

అక్కడే కాగితం తీసుకుని వేశాను. ఇంట్లో పెట్టుకునే ఫిల్టర్‌లో 3 లీటర్ల గుళికలు పోశామనుకుందాం. వంద బెడ్ వాల్యూమ్స్ అంటే 300 లీటర్లు, 15 లీటర్ల బిందెలైతే ఇరవై. రోజుకు బిందెడు తాగేనీళ్ళు వాడే ఇంట్లో ఇరవై రోజులు. ఇప్పుడు ఎవరికైనా అర్థమవుతుంది.

ఆంటీ అంతటితో వదల్లేదు. "సరే, నిండిపోయినట్టు ఇంట్లోవాళ్ళకి ఎట్లా తెలుస్తుంది? రంగు మారుతుందా? వాసన వస్తుందా?"

"తెలీదు ఆంటీ. ఏమీ మారదు."

"అయితే వాళ్ళు మంచినీళ్ళే అనుకుని తాగుతూనే ఉంటారు కదమ్మా!"

ఇంతకాలం నేను ప్రాక్టీస్ చేసిన స్క్రిప్టులో ఈ మాట చివరి పది సెకన్లలో వచ్చేది. రాత్రి ఎంఆర్‌టీఎస్ రైల్లో తిరిగొస్తూ పాత డ్రాఫ్ట్ మొత్తం పక్కన పెట్టేశాను. ఆంటీ అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

రోజు 9

కొత్త ఆరంభం, ముందు తెలుగులో రాసుకున్నాను:

"రెండు గ్లాసుల నీళ్ళున్నాయి. రెండూ తేటగానే ఉన్నాయి. రెండూ ఒకే ఇంట్లో, ఒకే ఫిల్టర్ కింద పట్టినవి. ఒకటి ఫిల్టర్ కొన్న రోజున పట్టింది, ఇంకోటి కొన్ని నెలల తర్వాత. ఒకటి మీ పాపకు తాగించవచ్చు, రెండోది తాగించకూడదు. ఏది ఏదో చూసి చెప్పగలరా?"

గట్టిగా చదివితే 19 సెకన్లు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు 'పాప'ను 'కన్స్యూమర్' చెయ్యబోయి ఆగాను. పాప పాపగానే ఉండాలి.

రోజు 10, 11

ఈ రెండు రోజులూ ఒక బస్సు పోలిక మీదే పోయాయి.

నిజమైన బోరు నీళ్ళలో అల్యూమినా ఎందుకు త్వరగా చేతులెత్తేస్తుందో చెప్పాలి. నా పనికి గుండెకాయ అదే. మొదటి రెండేళ్ళు నేను డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ కలిపి పరీక్షలు చేశాను, గ్రాఫులు అందంగా వచ్చాయి. తర్వాత ఊరి నుంచి క్యాన్లలో నీళ్ళు తెప్పించి అదే కాలమ్‌లో పోస్తే అనుకున్నదానికంటే చాలా ముందే నిండిపోయింది. ఆ రోజు ఎంత నిరాశపడ్డానో నాకింకా గుర్తుంది. థీసిస్ అసలు మొదలైంది ఆ రోజే.

దీనికి పోలికగా ఒంగోలు బస్సుని తీసుకున్నాను. గుళికల మీద సీట్లుంటాయి, ఫ్లోరైడ్ ఎక్కి కూర్చుంటుంది. బోరు నీళ్ళలో బైకార్బొనేట్ కూడా ఎక్కి సీట్లు ఆక్రమిస్తుంది, అందుకే ఫ్లోరైడ్‌కు చోటు దొరకదు. హాస్టల్‌లో చెప్తే అందరికీ వెంటనే అర్థమైంది. ఎంతో సంతోషపడ్డాను.

మర్నాడు మా గైడ్‌కు వినిపించాను. ఆయన ఒక్కచోట ఆపారు. బైకార్బొనేట్ నిజంగా సీట్లో కూర్చుంటుందా అని అడిగారు. నాకు తెలుసు, అది పెద్దగా కూర్చోదు. అసలు జరిగేది వేరు. అల్యూమినా బాగా పనిచెయ్యాలంటే నీళ్ళ పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) 5, 6 మధ్య ఉండాలి. మా నీళ్ళలో 8 దాకా ఉంటుంది. పీహెచ్ ఎక్కువగా ఉన్నప్పుడు హైడ్రాక్సైడ్ వచ్చి సీట్లు పట్టుకుంటుంది. బైకార్బొనేట్ చేసే పని, ఆ పీహెచ్‌ని కిందికి దిగనివ్వకుండా నిలబెట్టడం. సీట్లు నింపేది ఒకరు, వాళ్ళని బస్సులోకి ఎక్కిస్తూ ఉండేది ఇంకొకరు.

"వినేవాళ్ళలో కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు సార్, ఈ తేడా ఎవరికీ పట్టదు" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, తెలియనివాళ్ళ ముందే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, వాళ్ళు సరిచూసుకోలేరు కదా అన్నారు. ఆ మాట నాకు తగిలింది. నిజమే, నేను పొరపాటు చెప్పినా వాళ్ళు దాన్నే ఇంటికి పట్టుకెళ్తారు.

రాత్రి మార్చాను: "మా ఊరి నీళ్ళ గుణం ఎలాంటిదంటే, ఫ్లోరైడ్ బస్‌స్టాండ్‌కు వచ్చేసరికే చాలా సీట్లలో వేరేవాళ్ళు కూర్చుని ఉంటారు." బైకార్బొనేట్ పేరే లేదు. అబద్ధం లేదు. పదాలు కూడా పదకొండు తగ్గాయి.

రోజు 13

స్లైడ్.

ల్యాబ్‌లో అందరూ ఒకటే సలహా ఇచ్చారు: వంగిపోయిన కాళ్ళున్న మనిషి ఫోటో పెట్టు, జడ్జీలు కరిగిపోతారు అని. మంచి మనసుతోనే అన్నారు. నాకు ఫోటో వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. మా తాతయ్య నడుము పదేళ్ళుగా నిటారుగా నిలబడదు, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి.

అయినా అడిగాను. ఫోన్లో అమ్మ స్పీకర్ పెట్టింది.

"తాతయ్యా, పోటీలో నీ ఫోటో పెడితే పర్లేదా? నీళ్ళ వల్ల ఇట్టా అయిందని చెప్తాను."

"ఎంతమంది చూస్తారు?"

"రెండొందల మంది ఉండొచ్చు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "నా ఫోటో చూస్తే అయ్యో అంటారమ్మా. నీ పని ఏందో ఎవరికీ గుర్తుండదు. నువ్వు చేసే పని చూపించు."

ఫోటో పెట్టలేదు. ఆయన వద్దన్నాడని మాత్రమే కాదు, ఆయన చెప్పింది నిజం. ఇంకో కారణం కూడా ఉంది. బిగుసుకుపోయిన ఎముకల్ని నా ఫిల్టర్ వెనక్కి తీసుకురాలేదు. ఆయన ఫోటో పెట్టి ఫిల్టర్ గురించి మాట్లాడితే, ఆయన బాగైపోతాడన్నట్టు వినిపిస్తుంది.

స్లైడ్ మీద రెండు గ్లాసులే పెట్టాను. నిజంగానే ల్యాబ్‌లో ఒకే కాలమ్ నుంచి వేర్వేరు రోజుల్లో పట్టిన నీళ్ళు, కిటికీ పక్కన ఒకే వెలుతురులో ఫోన్‌తో తీశాను. కింద ఏమీ రాయలేదు. యూనివర్సిటీ లోగో మూలకి జరిపాను. ముందు గ్లాసుల పక్కన ఒక చిన్న గ్రాఫ్ పెట్టి చూశాను గాని, గ్రాఫ్ ఉంటే కళ్ళు దానిమీదికే పోతున్నాయి, చెవులు పనిచెయ్యడం లేదు. తీసేశాను.

రోజు 14, 15, 16

2:49. 2:56. 3:04. 2:52. 2:51.

3:04 వచ్చిన రోజు ఏం జరిగిందంటే, బస్సు పోలిక అయ్యాక తర్వాతి వాక్యం గుర్తురాలేదు. వాక్యాలు బట్టీ పట్టినందువల్ల ఒక్కటి జారితే వెనకాలవన్నీ జారుతున్నాయి. అందుకే ఇప్పుడు ఐదు మెట్లు మాత్రమే గుర్తుపెట్టుకుంటున్నాను: గ్లాసులు, రాయి, బస్సు, బిందెలు, ప్రశ్న. మెట్టుకూ మెట్టుకూ మధ్య మాటలు ఒక్కోసారి ఒక్కోలా వస్తున్నా ఫర్వాలేదు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం అక్షరం మారకూడదు.

స్క్రిప్టులోంచి తీసేసినవి: 'నా ఆవిష్కరణ', 'మొట్టమొదటిసారి', 'లక్షలాది ప్రాణాలు'. అల్యూమినా నేను కనిపెట్టింది కాదు. జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరీ' శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి తయారుచేసి దశాబ్దాలు గడిచాయి. నేను చేసింది ఒక నీళ్ళ పీహెచ్, బైకార్బొనేట్ కొలిస్తే ఆ నీళ్ళకు ఫిల్టర్ ఎన్ని బిందెలకు నిండుతుందో దాదాపుగా చెప్పే లెక్క. అంతే. ఆ 'దాదాపుగా' అన్న మాట ఉంచాను. ఒక సెకను పడుతుంది, పట్టనీ.

రోజు 18

సెమినార్ హాల్లో రిహార్సల్. ఖాళీ హాల్లో గొంతు వేరేలా వినిపిస్తుంది. మైకుకు దగ్గరగా ఉంటే ఊపిరి శబ్దం పడుతోంది. చేతులు ఏం చెయ్యాలో తెలియక మొదట వెనక్కి కట్టుకున్నాను, సీనియర్ అక్క చూసి, నువ్వు ఇంట్లో కూరల ధర చెప్పేటప్పుడు చేతులు ఎలా తిప్పుతావో అలాగే తిప్పు అంది. అది పనిచేసింది.

అక్కే ఇంకో మంచి మాట చెప్పింది. "ఏది ఏదో చూసి చెప్పగలరా" అన్నాక రెండు సెకన్లు ఆగమంది. నేను భయంతో ఆ ప్రశ్నను తోసుకుంటూ వెళ్ళిపోతున్నాను. ఆగితే హాల్లో కళ్ళన్నీ స్లైడ్ మీదికి వెళ్తాయి, నిజంగా వెతుకుతాయి.

రోజు 20

మొదటి రౌండ్. చాలా టెన్షన్ పడ్డాను. స్టేజీ ఎదురుగా టైమర్ స్క్రీన్ పెడతామన్నారు, నా వంతు వచ్చేసరికి అది పనిచెయ్యలేదు. సెకన్లు చూసుకోవడానికి ఏమీ లేదు. ఇన్నిసార్లు చెప్పినందువల్ల లోపల ఒక లెక్క ఏర్పడింది. బిందెల దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాలు దాటి ఉంటాయని తెలిసింది. 2:53కి ముగించానని తర్వాత చెప్పారు. ఫైనల్‌కు తీసుకున్నారు.

రోజు 22

ఫైనల్. పదిమందిమి. జడ్జీలు ముగ్గురిలో ఒక్కరే సైన్సు మనిషి. మిగతావాళ్ళలో ఒకరు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయినాయన, ఇంకొకరు స్కూలు ప్రిన్సిపల్.

ప్రశ్న అడిగి ఆగాను. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని స్లైడ్ వైపు ముందుకు వంగారు. ఆ క్షణంలో నాకు భయం పోయింది. 2:51కి ముగిసింది.

బహుమతి రాలేదు. గెలిచిన అబ్బాయి చాలా బాగా మాట్లాడాడు, ఆ ఫలితం సరైనదే. నాకు బాధ కలిగింది, అది కూడా ఇక్కడ రాస్తున్నాను.

ఈ పోటీలో జడ్జీలు స్టేజీ మీద ప్రశ్నలు వెయ్యరు. టీ దగ్గర ఆ ప్రిన్సిపల్ మేడమ్ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "ఇన్ని బిందెలకు నిండుతుందని చెప్తావు, బాగుంది. నిండాక వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి?" అని తమిళంలో అడిగారు.

గుళికల్ని మళ్ళీ శుభ్రం చెయ్యవచ్చు. ముందు కాస్టిక్ సోడాతో, తర్వాత ఆమ్లంతో కడగాలి. ఇంట్లో చేసే పని కాదు, ఎవరో ఒకరు ఊళ్ళో బాధ్యత తీసుకోవాలి. కడిగిన నీళ్ళలోకి ఫ్లోరైడ్ అంతా వచ్చేస్తుంది, అది ఎక్కడ పొయ్యాలో కూడా చూడాలి. ఇదంతా చెప్పాను. "అయితే అది ఎవరు చేస్తారు?" అన్నారు. నా థీసిస్‌లో ఐదు అధ్యాయాలున్నాయి, ఆ ప్రశ్నకు ఒక్క పేజీ కూడా లేదు.

రోజు 24

ఇవాళ గైడ్‌తో మీటింగ్. నాలుగో అధ్యాయంలో గ్రాఫులన్నింటికీ బెడ్ వాల్యూమ్స్ పక్కన రెండో కొలత పెట్టమన్నారు, బిందెల్లో. పరీక్షకులు ఒప్పుకుంటారా అని అడిగితే, కింద ఒక వాక్యంలో బిందె అంటే 15 లీటర్లని రాస్తే చాలన్నారు. ఐదో అధ్యాయం చివర ప్రిన్సిపల్ మేడమ్ ప్రశ్నకు చోటు పెట్టమన్నారు. ముందు ఊళ్ళో ఫిల్టర్లున్న ఇళ్ళకు వెళ్ళి ఎవరెవరు ఎప్పుడు గుళికలు మార్చారో అడిగి రావాలి.

సాయంత్రం వేళచ్చేరి ఆంటీకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. "బిందెలా? థీసిస్‌లోనా?" అని రెండుసార్లు అడిగారు.

సోమవారం కనిగిరి నుంచి బస్సులో నాలుగు క్యాన్ల నీళ్ళు వస్తున్నాయి. రేపు పాత కాలమ్ కడిగి, కొత్త గుళికలు నింపి పెట్టుకోవాలి.